మెదడు అని రాసున్న సీసా

నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే కణాలకు తిండి పెట్టడం అని చెబుతాను. వెంటనే నవ్వుతారు. మా తమ్ముడైతే ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. వాడు జనానికి కారు నడపడం నేర్పుతాడు. "నువ్వు సీసాలకు గోరుముద్దలు పెట్టే ఆయావి అక్కా" అంటాడు. ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు. మా ప్రయోగశాలలో గాజు తలుపు వెనక ఒక గది ఉంది. అందులో ముప్ఫై ఏడు డిగ్రీల వేడి చెడకుండా ఉండే బీరువా, ఆ బీరువాలో బల్లపరుపుగా పడుకోబెట్టిన సీసాలు. ఒక్కో సీసా అడుగున పలచని పొరలా, మనిషి ఒంట్లోంచి ఎప్పుడో తీసిన కణాలు బతుకుతుంటాయి. ఒకదాంట్లో కాలేయం, ఒకదాంట్లో మూత్రపిండం, ఒకదాంట్లో పేగు, ఒకదాంట్లో మెదడు. రెండు రోజులకోసారి పాత రసం తీసేసి కొత్త రసం పొయ్యాలి. ఆలస్యమైతే చస్తాయి. తొందరపడితే చస్తాయి. అంత సుకుమారం మా ఇంటా వంటా లేదు.

పురుగులు మోసుకొచ్చే కొత్త వైరస్‌లు మనిషిలో దేన్ని పాడుచేస్తాయో చూడటానికి ఈ సీసాలు. వైరస్ కణం గోడ బద్దలుకొట్టుకుని లోపలికి పోతుందనుకుంటారు చాలామంది. అంత కష్టం దానికెందుకు? కణం గోడ నిండా తాళాలే. తిండి లోపలికి తీసుకోవడానికి కొన్ని, కబుర్లు అందుకోవడానికి కొన్ని. వైరస్ ఒంటి మీద ఒక మారు తాళంచెవి ఉంటుంది. అది ఏదో ఒక తాళానికి సరిపోతే చాలు, కణమే దాన్ని సంచిలో చుట్టి లోపలికి మోసుకెళుతుంది. ఆ సంచిలో పులుపు ఊరుతుంది. అరిగించుకుందామని కణం ఉద్దేశం. ఆ పులుపు తగలగానే వైరస్ చొక్కా విప్పి, లోపల దాచుకున్న చీటీని బయటికి వదులుతుంది. చీటీలో ఉండే సంగతి ఒకటే: నాలాంటివాటిని వేలకు వేలు తయారు చెయ్యి. ఈ చీటీ ఎవరు రాశారని కణం అడగదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వనుకుని, సొంత పని మూలన పడేసి, చచ్చేదాకా అదే పని చేస్తుంది. ఈ భాగం అర్థం కావడం లేదని కొత్తగా చేరినవాళ్లు అంటే నాకు వింతగా ఉంటుంది. మా ఆఫీసులో నెల రోజులు పనిచేసినా అర్థం కాలేదా?

తాళమే లేని కణాన్ని మాత్రం వైరస్ ఏమీ చెయ్యలేదు. పక్కనే ఈదుతూ ఉంటుంది, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మా కథంతా దీని మీదే నడిచింది.

ఐదేళ్ల కిందట మడుగు జ్వరం వచ్చింది. నిలవ నీళ్ల దగ్గర ముసిరే నుసుములు కుడితే వస్తుంది. నుసుము కంటికి ఆనీ ఆననంత పురుగు, కుట్టడంలో మాత్రం దోమను తలదన్నుతుంది. పేరు కొత్తది, వైరస్ కొత్తది. అందరి ప్రశ్నా ఒకటే, ఇది తలకెక్కుతుందా అని. మా సంస్థ డైరెక్టరును మేమంతా పెద్దసారు అంటాం. ఆయన ఆ ప్రశ్నను నెత్తికెత్తుకున్నారు. కాలేయం సీసాలో వైరస్ పోయించారు, కణాలు చచ్చాయి. మూత్రపిండం సీసాలో పోయించారు, చచ్చాయి. 'మెదడు-2' అని రాసున్న సీసాలో పోయించారు. మూడు రోజులు గడిచినా ఒక్క కణం చావలేదు. పన్నెండు సీసాల్లో పోయించారు. పన్నెండింట్లోనూ కణాలు నిక్షేపంలా ఉన్నాయి. ఆ వారం పెద్దసారు కాలు నేల మీద నిలవలేదు.

ఆ ఫలితం పెద్ద పత్రికలో అచ్చయింది. అచ్చయిన మొదటి పేజీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. అక్కడితో ఆగినా బాగుండేది. దాన్ని పట్టుకుని అన్ని ఆస్పత్రులకూ ఒక సూచనల కాగితం వెళ్లింది. అందులో నాలుగో పాయింటు ఇది: "ఈ జ్వరం మెదడుకు ఎక్కదు. జ్వరం తగ్గాక పొంతన లేకుండా మాట్లాడేవారిని మానసిక విభాగానికి పంపాలి. అటువంటివారి వెన్ను నీటిని పరీక్షకు పంపి ప్రయోగశాల సమయం వృథా చేయరాదు."

తన విజయంలో నాకూ వాటా ఇచ్చారు పెద్దసారు. సభలో నన్ను లేపి నిలబెట్టి, "మెదడు కణాలు పెంచడం ఎంత తలనొప్పో మీ అందరికీ తెలుసు. మిగతా చోట్ల అవి రెట్టింపు కావడానికి వారం పడుతుంది. మన దగ్గర ఒక్క రోజులో అవుతాయి. అంతా ఈవిడ హస్తవాసి!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నవ్వాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు.

ఎందుకు తల వంచుకున్నానో ఇప్పుడు చెబుతాను. ఆ సభకు ఏడాది ముందు పైవాళ్లు తనిఖీకి వచ్చారు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీద ఒకసారి ఒక రకం కణాలనే తెరవాలి. పని అయ్యాక బల్ల తుడిచి, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు రెండో రకం తీయాలి. ఏ కణాల రసం సీసా వాటిదే. ఆ రోజు పెద్దసారు పొద్దున్నే వచ్చి, "అన్ని సీసాలూ వరసగా బల్ల మీద ఉండాలమ్మా, చూడ్డానికి నిండుగా ఉంటుంది. పదింటికల్లా వచ్చేస్తారు" అన్నారు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. నేను పేగునూ మెదడునూ పక్కపక్కనే తెరిచి, ఒకే రసం సీసాలోంచి, ఒకే గొట్టంతో రెండింటికీ పోసేశాను. ఒక్క చుక్క చాలు. మా దగ్గరున్న పేగు కణాలు క్యాన్సరు గడ్డలోంచి తీసినవి, తిండిపోతులు, రోజుకొకసారి రెట్టింపవుతాయి. మెదడు కణాలు నెమ్మదస్తులు. నెల తిరిగేసరికి సీసాలో ఏమైందో లెక్క కట్టడానికి చదువక్కరలేదు.

నాకు తెలుసా అంటే, తెలియదు. తెలియదా అంటే, తెలుసు. అంతకుముందు ఆ సీసాలో కణాలు సన్నటి దారాలు చాచుకుని ఒకదాన్నొకటి ముట్టుకుంటూ ఉండేవి. తర్వాత తర్వాత దారాలు కనబడటం మానేశాయి. పేర్చిన రాళ్లలా గుండ్రంగా, ఇరుకిరుగ్గా తయారయ్యాయి. చూసినప్పుడల్లా ఎవరికైనా చెబుదామనుకునేదాన్ని. అంతలో ఎవరో ఒకరు వచ్చి "మీ హస్తవాసి" అనేవారు. ఆ మాట నాకు తియ్యగా ఉండేది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక సీసా మూత బిగించి బీరువాలో పెట్టేసేదాన్ని.

ఇదంతా ఇలా ఉండగా మా తమ్ముడికి మడుగు జ్వరం వచ్చింది.

వాడు కారు నేర్పే మైదానం పక్కనే మురుగు కాలవ ఉంది. నుసుములు అక్కడ జనాన్ని మించి ఉంటాయి. జ్వరం రాగానే రక్తం మా ప్రయోగశాలకే వచ్చింది, మడుగు జ్వరమని తేలింది. ఐదో రోజుకు తగ్గిపోయింది. "మీ వైరస్‌కి నా దగ్గర నడపడం రాలేదు అక్కా, దింపేశాను" అని ఫోనులో నవ్వాడు. ఎనిమిదో రోజు మైదానంలో కొత్తగా నేర్చుకునేవాడితో "గొడుగు తొక్కు, గొడుగు తొక్కు" అని అరిచాడట. నేర్చుకునేవాడు నవ్వాడు. చుట్టుపక్కలవాళ్లూ నవ్వారు. మా తమ్ముడి సంగతి అందరికీ తెలిసిందే, నోరు తెరిస్తే వేళాకోళం. తనకు బ్రేకు అనే మాట దొరకడం లేదని వాడొక్కడికే తెలుసు.

మధ్యాహ్నం మరదలు ఫోను చేసింది.

"వదినా, మీ తమ్ముడు ఏదోలా ఉన్నారు. నన్ను చూసి నవ్వుతున్నారు గానీ పేరు చెప్పలేకపోతున్నారు. మెడ వంచమంటే అబ్బా అంటున్నారు. కారు తాళం తీసుకెళ్లి గోడలో పెట్టి తిప్పుతున్నారు వదినా."

నేను ఆస్పత్రికి చేరేసరికి వాళ్లు అక్కడ ఉన్నారు. తమ్ముడు చక్రాల కుర్చీలో కూర్చుని, చేతులతో గాలిలో స్టీరింగు తిప్పుతున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయి, మాట అందక, నవ్వి ఊరుకున్నాడు. వాడు మాట మధ్యలో ఊరుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. జేబులో రెండు పెన్నులు, కళ్ల కింద నల్లటి చారలు. ఆవిడ వెనక గోడ మీద, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, మా సూచనల కాగితం అతికించి ఉంది. నాలుగో పాయింటు కింద ఎవరో ఎర్ర గీత కూడా గీశారు.

"తాగుతారా?" అని మరదలిని అడిగింది.

"లేదండీ."

"ఇంట్లో గొడవలేమైనా?"

"లేదండీ. నిన్నటిదాకా బాగానే ఉన్నారు."

"జ్వరం వచ్చి తగ్గాక కొందరికి ఇలా ఉంటుందండీ. భయం. నిద్ర మాత్రలు రాస్తాను, ఇంటికి తీసుకెళ్లండి. సోమవారం మానసిక విభాగంలో చూపించండి."

"డాక్టరుగారూ, నేను వైరస్‌ల ల్యాబులో పనిచేస్తాను. మెడ బిగిసింది. మాట తడబడుతోంది. ఇది మెదడుకు ఎక్కింది. వెన్నులోంచి నీరు తీసి చూడండి" అన్నాను.

ఆవిడ విసుక్కోలేదు. వెనక్కి తిరిగి, వేలితో నాలుగో పాయింటు చూపించింది. "ఎక్కదు మేడమ్. ఇదుగో చూడండి. మీరు ఏ ల్యాబులో పనిచేస్తారన్నారు?"

చెప్పాను.

"మరింకేం! మీవాళ్లు రాసిందే కదా."

ఒక కుర్రడాక్టరు మీద అరిచి లాభం లేదు. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంటికి తీసుకెళ్లొద్దని మరదలికి చెప్పి, ఆటో పట్టుకుని మా ఆఫీసుకు పరిగెత్తాను. దారిలో నా బుర్ర ఊరుకోలేదు. మెదడుకు గట్టి కాపలా ఉంటుంది. అక్కడి రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని నిలబడతాయి, కనిపించిన ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవు. కానీ కొన్ని వైరస్‌లు ఆ కాపలా కణాలకే అంటుకుని, వాటి లోపలే పెరిగి, అవతలి వైపు దిగుతాయి. కొన్ని తెల్ల కణాల్లో కూర్చుని వెళతాయి, కాపలావాళ్లు తమవాళ్లే కదా అని వదిలేస్తారు. అవతల నరాల కణాలు ఉంటాయి, దారాలతో ఒకదాన్నొకటి పట్టుకుని. ఆ దారాల వెంటే ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. ఒక దారం తెగితే బ్రేకు అనే మాట పోతుంది. ఇంకోటి తెగితే పెళ్లాం పేరు పోతుంది. ఇంకా లోపల ఊపిరి తీయించే దారాలున్నాయి. అక్కడిదాకా పోకుండా ఆపాలి.

పెద్దసారు గదిలో ఏసీ హాయిగా ఉంది. ఫ్రేము గోడ మీద ఉంది. సంగతంతా విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చాలా బాధగా ఉందమ్మా. కానీ సైన్సులో బంధుత్వాలుండవు. వెన్ను నీటికి ఇవాళ మీకు అనుమతిస్తే, రేపు ఊళ్లో ప్రతివాడూ వెన్ను పట్టుకుని వస్తాడు."

"ఒక్క సంతకం పెట్టండి సార్. తేలకపోతే నేనే మాట పడతాను."

"ఒక్క తలకాయ కోసం పన్నెండు సీసాల డేటాను కాదనమంటారా? అందులోనూ మీరు పెంచిన కణాలు." ఆయన ముందుకు వంగి ఆప్యాయంగా నవ్వారు. "మీ హస్తవాసిని మీరే అనుమానిస్తే ఎలాగమ్మా?"

నోరు తెరిచాను. అప్పుడే చెప్పెయ్యాల్సింది. గొంతు దాకా వచ్చిన మాటను మింగేసి, "సరే సార్" అని బయటికి వచ్చాను. అక్కడ మా తమ్ముడి తలలో దారాలు తెగుతున్నాయి, ఇక్కడ నేను నీళ్లు నములుతున్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి తెలుగులో తిట్లు చాలలేదు.

కాళ్లు నన్ను నా గదికే తీసుకెళ్లాయి. మెదడు-2 సీసా తీశాను. నరాల కణాలకు మాత్రమే అంటుకుని ఎర్రగా వెలిగే మందొకటి, పేగు కణాలకు మాత్రమే అంటుకుని ఆకుపచ్చగా వెలిగే మందొకటి మా దగ్గరున్నాయి. ఆరేళ్లలో ఏ రోజైనా ఈ పరీక్ష చేసి ఉండొచ్చు. గంట పని. ఎవరూ చెయ్యమనలేదు, నేను చెయ్యలేదు. మందులు వేసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, కళ్లు ఆనించాను.

ఆకుపచ్చ. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకుపచ్చ. ఎర్ర చుక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఐదేళ్లుగా మేం మెదడనుకుని అడిగినదంతా పేగును అడిగాం. పాపం దానికి తెలిసిన జవాబు అది చెప్పింది, నాకేమీ కాలేదని. దాని గోడ మీద ఆ తాళమే లేదు, ఎందుకవుతుంది? ఆ జవాబునే పెద్ద పత్రిక అచ్చేసింది, ఆస్పత్రులు గోడలకు అతికించుకున్నాయి. మా సంస్థలో మెదడు ఉండాల్సిన చోట పేగు ఉందనీ, అయినా ఒక్కరోజు కూడా పని ఆగలేదనీ చెబితే, మా సంస్థ సంగతి తెలిసినవాళ్లెవరూ ముక్కు మీద వేలేసుకోరు. నవ్వొచ్చింది. ఆ ఆకుపచ్చని ఫోనులో ఫొటో తీసుకుని మళ్లీ ఆటో ఎక్కాను.

డాక్టరమ్మ ఎవరికో కుట్లు వేసి అప్పుడే చేతులు కడుక్కుంటోంది. తమ్ముడు బెంచీ మీద మరదలి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. వాడి కుడి చెయ్యి దానంతటదే ఎగిరెగిరి పడుతోంది.

"డాక్టరుగారూ, ఆ నాలుగో పాయింటు అబద్ధం. దానికి కారణం నేను."

"మీరా? కింద సంతకం డైరెక్టరుగారిది కదా?"

"రాసింది ఆయనే. సీసా నాది. మెదడు అని రాసున్న సీసాలో ఉన్నది పేగు. ఒకే గొట్టంతో రెండింటికీ పోశాను. ఇదుగో, ఇప్పుడే చూసి వస్తున్నాను." ఫోను చేతిలో పెట్టాను. "ఇందులో ఎరుపు ఉండాలి. లేదు."

ఆవిడ ఫొటో పెద్దది చేసుకుని చూసింది. మళ్లీ చూసింది. "ఎప్పటినుంచి?" అంది.

"ఆరేళ్లు."

ఆవిడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఈ నెలలోనే ముగ్గురిని పంపేశాను" అంది, నాతో కాదు, ఫోనుతో. ఫోను నాకిచ్చేసి లేచింది. "సిస్టర్, వెన్నుకు సూది ట్రే తీసుకురండి. ఈయన్ని లోపలికి తీసుకెళ్లండి. తొందరగా."

తమ్ముణ్ణి పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ఆనేలా ముడిచి పడుకోబెట్టారు. మరదలు వాడి మోకాళ్లు పట్టుకుంది, నేను తల పట్టుకున్నాను. సూది దిగుతుంటే వాడు నన్ను చూసి "గొడుగు, గొడుగు" అన్నాడు. ఆపమంటున్నాడని అర్థమైంది. "అయిపోయిందిరా, ఇంకొక్క నిమిషం" అన్నాను. వెన్నులోంచి వచ్చే నీరు మంచినీళ్లలా ఉండాలి. వాడిది కాస్త మసకగా ఉంది. ఒక గొట్టం నిండా పట్టి, మంచు పెట్టిన డబ్బాలో వేసుకుని మళ్లీ మా ఆఫీసుకు.

వైరస్ ఉందో లేదో చూసే యంత్రం పక్కగదిలో ఉంటుంది. దాన్ని నడిపే అమ్మాయి డబ్బా చూసి నాలుక కరుచుకుంది.

"వెన్ను నీరా? కంప్యూటరులో గడి లేదక్కా. రక్తం ఒక్కటే తీసుకుంటుంది. ఎలా ఎక్కించను?"

"రక్తమని కొట్టు."

"పెద్దసారు అడిగితే?"

"అక్క చెప్పిందని చెప్పు. ఇవాళ్టి నుంచి అన్నీ అక్క చెప్పిందనే చెప్పు."

అలా మా కంప్యూటరు దృష్టిలో మా తమ్ముడి వెన్నులో రక్తం ప్రవహించింది. యంత్రం తిరుగుతుండగా డాక్టరమ్మ ఫోను చేసింది. ఫిట్స్ వచ్చాయట. గట్టిగా, ఆగకుండా నాలుగు నిమిషాలు. సూదిమందులు ఇచ్చి, ఊపిరి ఆడించే యంత్రం ఉన్న వార్డుకు మార్చారట. "అప్పుడు ఇంట్లో ఉండి ఉంటే..." అని, మిగతాది అనకుండా పెట్టేసింది. గంట తర్వాత యంత్రం గీత పైకి లేచింది. మడుగు వైరస్ ఉంది. పుష్కలంగా ఉంది.

వాడు పన్నెండు రోజులు ఆ వార్డులో ఉన్నాడు. ఆ పన్నెండు రోజులూ నేను ఏం తిన్నానో గుర్తు లేదు. పదమూడో రోజు కళ్లు తెరిచి మరదలిని చూసి, చాలాసేపు వెతుక్కుని, ఆమె పేరు చెప్పాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పదిహేనో రోజు పెద్దసారు పళ్ల బుట్టతో, ఒక ఫైలుతో వచ్చారు. తమ్ముడి భుజం తట్టి, "మీరు అదృష్టవంతులండీ. మెదడుకు ఎక్కిన మొదటి కేసు మీదే. ప్రపంచమంతా మీ గురించి చదువుతుంది" అన్నారు. తమ్ముడు ఆయన్నీ పళ్లనూ మార్చి మార్చి చూశాడు. ఏది ఏమంటారో వాడికింకా తేలలేదు.

వరండాలోకి తీసుకెళ్లి ఫైలు నా చేతికిచ్చారు. కొత్త వ్యాసం. వైరస్ ఈ మధ్యనే రూపం మార్చుకుని మెదడుకు ఎక్కడం నేర్చుకుందట. దాన్ని మొదట కనిపెట్టింది మా సంస్థేనట. ఐదేళ్లుగా తప్పు చెప్పింది మేము, మారింది మాత్రం వైరస్. ఆకుపచ్చ సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. చివరి పేజీలో నా సంతకానికి చోటు వదిలారు, మెదడు-2 సీసా పోయిన నెలలోనే కలుషితమైనట్టు.

"పోయిన నెల కాదు సార్, ఆరేళ్లు."

"నెమ్మదిగా." ఆయన చుట్టూ చూశారు. "ఆరేళ్లంటే ఏమవుతుందో ఆలోచించారా? ఈ ఐదేళ్లలో ఆస్పత్రులు వెనక్కి పంపినవాళ్లందరూ బయటికొస్తారు. ఎవరు జవాబు చెబుతారు?"

"నేను చెబుతాను. మీరూ చెబుదురుగాని."

"మీ పేరు పాడవుతుందమ్మా. ఇరవై రెండేళ్ల హస్తవాసి."

"అది పేగు కణాల హస్తవాసి సార్. నాది కాదు."

ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఫైలు లాక్కుని వెళ్లిపోయారు. పళ్ల బుట్ట వదిలేశారు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు వెళ్లి, సూచనల కాగితం ఏయే ఆస్పత్రులకు వెళ్లిందో ఆ జాబితా తీశాను. ఒక ఉత్తరం రాశాను. నాలుగో పాయింటు తప్పనీ, ఎప్పుడు ఎలా తప్పు జరిగిందో, ఎవరి చేత్తో జరిగిందో, జ్వరం తగ్గాక మాట తడబడితే వెంటనే చేర్చుకోవాలనీ రాసి, కింద నా పేరూ నా ఫోను నంబరూ వేసి అందరికీ పంపేశాను. మధ్యాహ్నానికి నాకో మెమో వచ్చింది. ఇకపై కణాల గదిలోకి రాకూడదు, సీసాలు కడిగే విభాగంలో పనిచెయ్యాలి. డాక్టరమ్మ గోడ మీది కాగితం చింపేసిందని నర్సు చెప్పింది. ప్లాస్టిక్ కవరుతో సహా.

అప్పటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొందరు డాక్టర్లు, నన్ను తిట్టి పెట్టేసేవారు. వాళ్లకు ఆ హక్కుంది, వినేదాన్ని. కొందరు రోగుల ఇళ్లవాళ్లు, మావాళ్లను ఇప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చా అని అడిగేవారు, తీసుకెళ్లమని చెప్పేదాన్ని.

ఆదివారం తమ్ముడి ఇంట్లో ఉన్నాను. వాడు బొమ్మల కార్డులు ముందేసుకుని ఒక్కోదాని పేరు వెతుక్కుంటున్నాడు, మరదలు పక్కన కూర్చుని ఓపిగ్గా తిప్పుతోంది. ఫోను మోగితే వాకిట్లోకి వచ్చాను. ఎవరో పెద్దాయన.

"ఆ ఉత్తరం రాసింది మీరేనా అండీ? మా ఊరి ఆస్పత్రిలో చూపించారు."

"నేనేనండీ."

"మా అమ్మాయండీ. రెండేళ్లయింది. మడుగు జ్వరం వచ్చి తగ్గాక ఏదేదో మాట్లాడింది. పిచ్చి అన్నారు. మందులిచ్చారు. కేకలు పెడుతుంటే గదిలో ఉంచాం. మూడో రోజుకి పోయింది." ఆయన గొంతు సవరించుకున్నారు. "అంటే, పిచ్చి కాదన్నమాట?"

"కాదండీ. అది మెదడుకు ఎక్కిన జ్వరం."

"చెప్పు చెప్పు అని అరిచేదండీ. కాలికి తొడిగే చెప్పులు తెచ్చి చూపిస్తే ఏడ్చేది. మంచినీళ్లు అడిగిందేమోనని ఇప్పుడనిపిస్తోంది."

తమ్ముడి "గొడుగు" చెవిలో మోగింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"సరేనండీ. అది తెలుసుకుందామనే చేశాను. ఇంట్లో ఆవిడకు ఎలా చెప్పాలో తోచడం లేదు. ఆ రోజు గదికి గడియ పెట్టింది వాళ్లమ్మే."

"మీ ఇంటి అడ్రసు చెప్పండి" అన్నాను. "నేనొచ్చి చెబుతాను. ఆ గడియ పెట్టింది నేనని చెబుతాను."

ఆయన అడ్రసు చెప్పారు. లోపలికి వెళ్లి, తమ్ముడి కార్డుల్లో ఒకదాని వెనక రాసుకుని, చెప్పులు వేసుకున్నాను.